ఇటలీలో కూర్చోవాలంటే ఎంతవుతుంది?

మా పెళ్లికి పాతికేళ్లు నిండబోతున్నాయి కదా, ఏం కావాలో కోరుకోమని మా ఆవిడను అడిగాను. నగ అడుగుతుందేమోనని గుండె దిటవు చేసుకునే అడిగాను. ఆవిడ కందిపప్పులో రాళ్లు ఏరుతూ, "ఎక్కడికైనా వెళ్లి ఓ అరగంట ఊరికే కూర్చుందామండీ" అంది.

ఆ మాట నాకు ఓ పట్టాన అర్థం కాలేదు. అందుకని ఇటలీ ట్రిప్ ప్లాన్ చేశాను.

ఇక్కడ నా అర్హతలు కాస్త చెప్పుకోవాలి. ఆఫీసులో ఎక్సెల్ షీట్లతోనే తల నెరిసినవాణ్ణి. తొమ్మిది రాత్రులు, ఆరు మజిలీలు, నూట పద్నాలుగు వరసలు. మిలాన్, వెరోనా, వెనిస్, ఫ్లోరెన్స్, టస్కనీ పల్లెలు, చివరికి రోమ్. ప్రతి వరసలో బయల్దేరే టైము, చేరే టైము, టికెట్టు ధర, దగ్గర్లో బాత్రూమ్. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఓపిగ్గా చదివి, "బాగుందండీ, ఇందులో కూర్చునేదెక్కడ?" అంది.

"రైల్లో. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు గంటన్నర" అన్నాను.

"గంటకు రెండొందల యాభై కిలోమీటర్లు పరిగెత్తడాన్ని కూర్చోవడం అంటారా?"

మా బావమరిదిని సలహా అడిగాను. ఆయన ప్యాకేజీ టూరులో పది రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చిన అనుభవశాలి. "కూర్చోవడానికేం బావా, మేం పది రోజులూ కూర్చునే ఉన్నాం" అన్నాడు. బస్సులో. ఆ నడుము నొప్పికి ఇప్పటికీ ఫిజియోథెరపీ నడుస్తోంది.

దాంతో షీటులో కొత్త కాలమ్ చేర్చాను. పేరు 'కూర్చొనుట'. ఇటలీ శిల్పం మీద, చిత్రకళ మీద, చక్రవర్తుల మీద రాసినవాళ్లు కోకొల్లలు. ఆ దేశంలో ఓ మనిషి కూలబడాలంటే ఎంత ఖర్చవుతుందో లెక్క తేల్చినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోమ్‌లో స్పానిష్ మెట్లని ఉన్నాయి. 1720లలో కట్టారు. మూడు శతాబ్దాల పాటు కవులు, ప్రేమికులు, కాళ్లు పీకిన టూరిస్టులు వచ్చి వాటి మీద హాయిగా కూర్చున్నారు. 2019లో నగర పాలకులకు జ్ఞానోదయమైంది, మెట్లున్నది ఎక్కడానికి, దిగడానికే అని. కూర్చుంటే 250 యూరోలు జరిమానా. మెట్లు పాడుచేస్తే 400 దాకా. కూర్చోబోతుండగానే పోలీసు ఈల ఊదుతాడు. మన అలిపిరి దారిలో మూడున్నర వేల పైచిలుకు మెట్లున్నాయి. దేని మీద కూలబడినా ఎవరూ ఈల ఊదరు సరికదా, వెనకొచ్చేవాళ్లు 'గోవిందా' అని ధైర్యం చెప్పి పోతారు. రోమ్ రేటు ప్రకారం ఒక్క మోకాళ్ల పర్వతం దగ్గరే మేం ఆస్తులు అమ్ముకోవాల్సి వచ్చేది.

ఫ్లోరెన్స్ పద్ధతి వేరు, అక్కడ నీళ్లు వాడారు. 2017లో అప్పటి మేయరుగారి ఆలోచన ఇది. శాంతా క్రోచే లాంటి చర్చిల మెట్ల మీద జనం మధ్యాహ్నం పూట కూర్చుని తింటున్నారని, సరిగ్గా భోజనాల వేళకు గొట్టాలు పెట్టి మెట్లు తడిపించారు. తడి మెట్టు మీద ఎవరు కూర్చుంటారు? పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లే మా ఆవిడకు ఈ ఉపాయం తెగ నచ్చింది. పేపరు పట్టుకుని అరుగు మీద తిష్ట వేసేవాణ్ణి లేపడానికి పనికొస్తుందట.

సరే, మెట్లు వద్దు, డబ్బు పెట్టి దర్జాగా కాఫీ హోటల్లోనే కూర్చుందాం అనుకున్నాను. అక్కడ తెలిసింది అసలు రహస్యం. ఇటలీలో కాఫీకి రెండు ధరలు. కౌంటరు దగ్గర నిలబడి తాగితే 'అల్ బాంకో', బల్ల దగ్గర కూర్చుని తాగితే 'అల్ తావోలో'. నిలబడి తాగే ఎస్ప్రెసో చాలాచోట్ల ఒకటిన్నర యూరో లోపే. అదే కప్పు, అదే చుక్కెడు కాఫీ, పేరున్న కూడలిలో కూర్చుని తాగితే అంతకు మూడు నాలుగు రెట్లు. వెనిస్‌లో 1720 నుంచి నడుస్తున్న ఫ్లోరియన్ కెఫేలో అయితే, బయట బ్యాండు వాయిస్తున్నప్పుడు కూర్చుంటే సంగీతానికి కూడా విడిగా వేస్తారు. చెవులు మూసుకుంటే తగ్గిస్తారా అన్నది తేలలేదు. ఒక్క ఇరానీ చాయ్ చెప్పి, దాన్ని బై-టూ చేసి, రెండు గంటలు రాజకీయాలు మాట్లాడి పెరిగిన హైదరాబాదీ ప్రాణం ఈ లెక్కకు విలవిల్లాడింది.

భోజనానికి కూర్చుంటే 'కోపెర్తో'. మనం ఏం తిన్నా, ఎంత తిన్నా, తలకు ఒకటి నుంచి మూడు యూరోల దాకా బిల్లులో పడుతుంది. పూర్వం బాటసారులు తమ తిండి తామే తెచ్చుకుని సత్రంలో బల్ల, ప్లేటు వాడుకున్నందుకు ఇచ్చిన డబ్బే ఇలా మిగిలిపోయిందని ఒక కథనం. ఇది విని మా ఆవిడ ముఖం వెలిగింది. "అయితే మనం ఆవకాయ పట్టుకెళ్లి దర్జాగా కూర్చోవచ్చన్నమాట!" ఆవకాయకు అడ్డు లేదుగానీ, బయటి దేశాల నుంచి పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్ రానివ్వదు. అంటే నెయ్యి లేదు. నెయ్యి లేకుండా ఆవకాయ అన్నం తినడమంటే ఏమిటో ఆ బ్రస్సెల్స్ అధికారులకు తెలుసా? తెలిసే చేశారంటుంది మా ఆవిడ. పోనీ అక్కడి చీజు వేసుకుందామంటే, పార్మిజానో తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారట. ఆ మాటతో ఆవిడ వినడం ఆపేసి పొడుల డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వెనిస్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. పడవలో కూర్చోవడమంటే అది కూడా కూర్చోవడమే కదా, పైగా రొమాంటిక్. గొండోలా ప్రభుత్వ రేటు పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. పగలు నిమిషానికి 3 యూరోలు. రాత్రి రేటు చూద్దామని కాలిక్యులేటరు తీశాను. 110ని 35తో భాగిస్తే 22/7. పదో తరగతిలో లెక్కల మాస్టారు 'పై' విలువ ఎక్కడైనా పనికొస్తుందిరా అంటే నేను నమ్మలేదు. ఆయన వెనిస్ చూశారేమో. ఆవిడ అడిగిన అరగంట గొండోలా అరగంటతో అచ్చంగా సరిపోతోంది కాబట్టి, 'కూర్చొనుట' కాలమ్‌లో ఎదురుగా టిక్కు కొట్టేయబోయాను.

కానీ నా పరిశోధన నన్ను అక్కడ ఆగనివ్వలేదు. గ్రాండ్ కెనాల్ దాటించడానికి 'త్రగెత్తో' అని ఇంకో రకం గొండోలా ఉంది. మనిషికి 2 యూరోలు. అదే నీళ్లు, అలాంటి పడవే. తేడా ఏమిటంటే ఊరివాళ్లు అందులో నిలబడి దాటుతారు. మళ్లీ అదే సూత్రం! నిలబడితే రెండు, కూర్చుంటే తొంభై. ఇంత సూటిగా సిద్ధాంతం రుజువవడం ఏ శాస్త్రంలోనైనా అరుదు.

మిలాన్‌లో లియోనార్దో గీసిన 'చివరి విందు' ఉంది. టికెట్లు నెలల ముందే అయిపోతాయి. దొరికినవాళ్లను చిన్న గుంపులుగా లోపలికి పంపి, పావుగంటకు బయటికి పంపేస్తారు. బొమ్మలో పదమూడు మంది బల్ల ముందు ఐదొందల ఏళ్లకు పైగా తీరిగ్గా కూర్చుని ఉంటారు. డబ్బిచ్చిన మనం నిలబడి చూడాలి. వెరోనాలో జూలియెట్ బాల్కనీ అన్నారు. ఆ అమ్మాయి కల్పిత పాత్ర, ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో తగిలించింది, షేక్‌స్పియర్ నాటకంలో రోమియోతో ఆమె కాపురం వారం కూడా తిరగలేదు. పాతికేళ్లు చేసినవాళ్లం వెళ్లి వాళ్ల దగ్గర ఆశీర్వాదం తీసుకోవడమేమిటో! అది కూడా క్యూలో నిలబడి. ఆ వరస కొట్టేశాను.

రోమ్‌లోని పాత క్రీడారంగం కొలోసియం విషయంలో మాత్రం నాకు ఆశ ఉండేది. క్రీస్తుశకం 80లో ప్రారంభమైనప్పుడు ఏభై వేల మంది దాకా కూర్చునేవారు, అదీ ఉచితంగా. ఉత్సాహంగా మా ఆవిడకు చదివి వినిపిస్తూ తర్వాతి వాక్యం దగ్గర గొంతు తగ్గించాను. అంతకు ముందే ఆగస్టస్ చక్రవర్తి పెట్టిన నియమం ప్రకారం ఆడవాళ్లు అన్నిటికంటే పై వరసల్లోకి పోవాలి. అంటే రోమన్ దంపతులు కూడా పక్కపక్కన కూర్చున్న పాపాన పోలేదు. వాటికన్‌లోని ప్రార్థనా మందిరం సిస్టీన్ చాపెల్‌లో గోడల వెంబడి బల్లలున్నాయి, కూర్చోవచ్చు, కానీ మాట్లాడకూడదు. కాపలావాళ్లు 'సిలెన్సియో' అని మందలిస్తారు. మా ఆవిడ ఆ వరస మీద పసుపు రంగు హైలైట్ వేయించింది.

ఇక పల్లెలు. టస్కనీలోని వాల్ దోర్చా లోయను 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఫొటోల్లో చూసే ఉంటారు, ఎత్తుపల్లాల గోధుమ చేలు, సరుగుడు చెట్లలా నిటారుగా నిలబడ్డ సైప్రస్‌లు, గుట్ట మీద ఒంటరి రాతి ఇల్లు. పియెన్సా అనే చిన్న ఊళ్లో ముద్దు వీధి, ప్రేమ వీధి అని నిజంగానే సందులున్నాయి. వాటికి నేను పన్నెండు నిమిషాలు కేటాయించాను. బస మాత్రం రైతు ఇంట్లోనే. దాన్ని 'అగ్రితూరిజ్మో' అంటారు. 1985లో చట్టం చేశారు, రైతు పొలం వదిలి పట్నం పోకుండా అతిథులకు గదులిచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని. షరతు ఏమిటంటే ప్రధానంగా వ్యవసాయం జరగాల్సిందే. అతిథులు రెండో పంట లాంటివాళ్లు.

నేను బుక్ చేయబోయిన ఇంటి ఫొటో ఆవిడకు చూపించాను. ఆలివ్ చెట్టు కింద రెండు చెక్క కుర్చీలు, ఎదురుగా చేను, అంతే.

"ఇక్కడ ఏం చేస్తారు?"

"కూర్చుంటారు."

"ఎంత?"

రాత్రికి నూట అరవై యూరోలు అన్నాను. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చేను చూసింది. "మామయ్యగారి మూడెకరాల దగ్గర వేపచెట్టు కింద నులక మంచం ఉండేది" అంది. ఆ మూడెకరాలు అమ్మే కూకట్‌పల్లిలో ఫ్లాటు కొన్నాను. ఆ ఫ్లాటు బాల్కనీలో ప్రస్తుతం వాషింగ్ మెషీను కూర్చుని ఉంటుంది. సొంత పొలం అమ్ముకుని, ఇంకో దేశపు రైతు పొలం ముందు అద్దె కుర్చీలో కూర్చోవడాన్ని ఆర్థికశాస్త్రంలో ఏమంటారో గానీ, 'కూర్చొనుట' కాలమ్‌లో అది అన్నిటికంటే ఖరీదైన వరసగా తేలింది. అక్కడికి చేరాలంటే కారు కావాలి, కారుకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, దారి తప్పి ఏ పాత ఊరి నడిబొడ్డులోకో దూరితే బయటి కార్లు రాకూడని అక్కడి నిషిద్ధ మండలం కెమెరా ఫొటో తీసి నెలల తర్వాత ఇంటికి చలానా పంపుతుంది. ఆ ఖర్చులన్నీ విడి.

ఇంతా చేసి, మేం వెళ్లాల్సింది ఆగస్టులో. పురోహితులుగారు శ్రావణంలో ముహూర్తం పెట్టినప్పుడు ఇటలీ ఎండల గురించి ఆలోచించలేదు. ఆ నెల 15న అక్కడ 'ఫెరగోస్తో' పండగ, ఆగస్టస్ చక్రవర్తి కాలంనాటి సెలవు. ఊళ్లలో చాలా దుకాణాలు తాళం వేసి జనమంతా సముద్రం ఒడ్డుకు పోతారు. అక్కడేం చేస్తారో కనుక్కున్నాను. గొడుగు, పడక కుర్చీ అద్దెకు తీసుకుని కూర్చుంటారట. అంటే వాళ్ల దేశంలో వాళ్లు కూడా డబ్బిచ్చే.

చివరి అంకం వీసా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, తలకు 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, తలకు 90 యూరోల ఫీజు. ఎందుకైనా మంచిది, మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టమన్నాడు ఏజెంటు. మాకు ఆల్బమ్ ఉంది, ఆడని వీడియో క్యాసెట్ ఉంది, సర్టిఫికెట్ లేదు. మా పెళ్లికి సాక్షి అగ్నిహోత్రుడు, ఆయన రిజిస్ట్రారు ఆఫీసుకు రాడు. చివరికి బావమరిదే నడుం పట్టీతో వచ్చి సంతకం పెట్టాడు.

వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్ పదకొండు గంటలకు. టోకెన్ ఇచ్చి, ఫోన్లు ఆఫ్ చేసి బ్యాగులో పెట్టుకోమన్నారు. వరసగా ఇనుప కుర్చీలు, నేలకు బోల్టులు వేసి ఉన్నాయి. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. చేతిలో ఫోను లేదు, షీటు లేదు, పొయ్యి మీద పాలు లేవు. ఆవిడ ముందు నా చొక్కా రెండో గుండీ వదులైందని చూసింది. తర్వాత ఎదుటి వరసలో కొత్త జంటను చూపించి, "ఆ పిల్ల మెట్టెలు ఇంకా కొత్తవి, జారిపోతున్నాయి చూడండి" అంది. పెళ్లిలో తన మెట్టె ఒకటి అరటాకుల కుప్పలో పడి పోతే అందరూ వెతికిన సంగతి చెప్పింది. వెతికింది నేనే కదా అన్నాను. కాదు, మీరు వెతుకుతున్నట్టు నటిస్తూ లడ్డు తిన్నారు అంది. పాతికేళ్లుగా ఈవిడకు ఈ సంగతి తెలుసా!

గోడ గడియారం పన్నెండుంబావు చూపించింది. గంటా పావు. ఇద్దరి ఫీజూ కలిపి 180 యూరోలు. గొండోలా పగటి రేటుకు అయితే సరిగ్గా గంట వచ్చేది, పావుగంట లాభం. ఇది కాలమ్‌లో రాసుకుందామని బ్యాగులో చెయ్యి పెట్టాను, ఫోను ఆఫ్‌లో ఉందని గుర్తొచ్చింది. బోర్డు మీద ఎర్రక్షరాల్లో మా నంబరు వెలిగింది. నేను ఫైలు పట్టుకుని లేవబోయాను.

"మళ్లీ పిలుస్తార్లెండి," అంది ఆవిడ చెయ్యి పట్టి లాగుతూ, "కూర్చోండి."