హాలు గోడమీది టీవీ గారికి ఒక ఇంటి ఎడిటర్ మొర

మహారాజశ్రీ హాలు టీవీ గారి సముఖానికి,

లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటి వీడియోలు కత్తిరించుకునేవాడు నమస్కరించి వ్రాయునది.

నేను తమ దగ్గరికి వచ్చింది నిజం తెలుసుకుందామని. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రివ్యూ కిటికీ అరచేయంత ఉంటుంది. అందులో చూస్తే మా పాప తొలి అడుగులు, వాటికి మా అమ్మమ్మ కొట్టిన చప్పట్లు దివ్యంగా ఉన్నాయి. రేపు ఇంటిల్లిపాదీ చూసేది పెద్ద తెర మీదే కదా, ముందే ఒకసారి తమకు చూపించి సరిచేసుకుందామని హెచ్‌డీఎంఐ కేబుల్ పట్టుకుని హాల్లోకి వచ్చాను. అదే నా నేరం.

మొదటి పరీక్షలో తమరే గెలిచారు, ఒప్పుకుంటాను. కిటికీలో తళతళలాడిన పాప మొహం తమ మీద మసకబారింది. ఫోకస్ పాప మీద లేదు, వెనక కర్టెన్ పూల మీద ఉంది. ఆరు నిమిషాల వీడియోలో నాలుగు నిమిషాలు ఆ కర్టెనే హీరోయిన్. నా చేతి వణుకైతే సరేసరి. గోరంతలు కొండంతలు చేయడం పెద్ద తెర ధర్మం, దానికి నేనేమీ అనను.

ఉన్నది పెద్దది చేసి చూపడంతో ఊరుకుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

చివర్లో ఎడమ మూల ‘అమ్మమ్మకు ప్రేమతో’ అని రాశాను. తమ మీద అది ‘మ్మమ్మకు ప్రేమతో’ అయింది. అక్షరం మింగేశారు. ఆరా తీస్తే దీన్ని ఓవర్‌స్కాన్ అంటారట. పిక్చర్ ట్యూబుల కాలంలో బొమ్మ అంచులు సరిగా కుదిరేవి కావని, ఆ వంకర టీవీ చట్రం వెనక దాగేలా బొమ్మను కాస్త పెద్దది చేసేవారు. ట్యూబులు పోయాయి, ఈ అలవాటు మాత్రం కొందరు టీవీ గార్లకు ఆస్తిలా సంక్రమించింది. నేను 1920 బై 1080 పిక్సెల్స్ పంపితే అడ్డంగా, నిలువుగా 5 శాతం కోసి, మిగిలిన 1824 బై 1026ను సాగదీసి తెరంతా పరిచారు. అసలు నేను కత్తిరించింది చాలదని తమరి కత్తెర కూడానా? ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో మెనూలో ఎక్కడో ఏడో అరలో దాచిన మాట ఒకటి నొక్కితే గానీ ఆ ‘అ’ తిరిగి రాలేదు.

తర్వాత పిల్లి. సాయంత్రపు గుమ్మంలో, అమ్మమ్మ వెనక నల్లపిల్లి ఒకటి కూర్చుని ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో దాని మీసాలు కూడా కనిపిస్తాయి. తమ మీద పిల్లి లేదు, రెండు కళ్ళు మాత్రం గాల్లో తేలుతున్నాయి. కంప్యూటరేమో నలుపును 0 దగ్గర మొదలుపెట్టి తెలుపును 255 దగ్గర ముగిస్తుంది. వీడియో సంప్రదాయంలో తమ లెక్క 16 నుంచి 235 దాకా. ఇద్దరికీ మాట కుదరక 16కు కిందున్నదంతా ఒకే చీకటిగా కలిసిపోయింది. పాపం ఆ పిల్లి అక్కడే కాపురముండేది. సెట్టింగ్స్‌లో రెండు వైపులా ఒకే రేంజ్ పెట్టాలని తెలిసేలోపు, గుమ్మం మొత్తానికి వెలుగు పెంచి ఒక సాయంత్రాన్ని మిట్టమధ్యాహ్నం చేసేశాను.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, బీపీ పెరుగుతుంది. హెచ్‌డీ వీడియోకు రెక్.709 అనే ప్రమాణం 1990 నుంచీ ఉంది. తెలుపు అంటే, వెలుగు రంగును కొలిచే లెక్కలో, సుమారు 6500 కెల్విన్ అని అందరూ ఒప్పుకున్నారు. రంగులు రెచ్చగొట్టే తమరి వివిడ్ మోడ్‌కు ఆ కబురు అందలేదు. తెల్లచీర నీలం మందులో ముంచినట్టు కనిపిస్తే, తప్పు నాదేననుకుని రాత్రంతా కూర్చుని పసుపు కలిపాను. తెల్లవారి ఫోన్‌లో చూస్తే కుటుంబం మొత్తానికి కామెర్లు.

ఇక తమరి సృజనాత్మకత. నేను సెకనుకు 25 ఫ్రేములు తీశాను. కంప్యూటర్ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు పంపుతుంటే, ఒక ఫ్రేము రెండుసార్లు, మరొకటి మూడుసార్లు వచ్చి, గది చుట్టూ తిప్పిన షాట్ గతుకుల రోడ్డు మీద బండిలా కుదిపింది. అవుట్‌పుట్ 50కి మార్చాను, తీరింది. ఊపిరి పీల్చుకునేలోపే తమరు ఖాళీగా ఉన్నానని, ప్రతి రెండు ఫ్రేముల మధ్యా ఒక కొత్త ఫ్రేము ఊహించి అల్లడం మొదలుపెట్టారు. పాప కాలెత్తితే చెప్పు అంచు జెల్లీలా సాగి, నేలలో కరిగి, మళ్ళీ చెప్పయింది. తెర మీద కనబడేదాంట్లో సగం నేను తీయనే లేదు! కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?

అన్నిటికంటే పరువు తీసింది చప్పట్లు. ఈ అల్లికలూ మెరుగులూ అయ్యేదాకా తమరు బొమ్మను ఆపి ఉంచుతారు. శబ్దమేమో ల్యాప్‌టాప్ పక్కనున్న స్పీకర్ల నుంచి నేరుగా వచ్చేస్తుంది. దాంతో ముందు ‘ఠప్’ అని వినపడి, ఆ తర్వాత అమ్మమ్మ అరచేతులు కలిశాయి. నేను మూడు ఫ్రేములు, అంటే 120 మిల్లీసెకన్లు, శబ్దాన్ని ఆలస్యం చేశాను. తమ మీద అతికినట్టు కుదిరింది. గర్వంగా ఫైల్ తీసి అమ్మమ్మ ఫోన్‌కు పంపాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసింది.

“ఏరా, చేతులు విడిపోయాక మోగుతున్నాయేంట్రా నా చప్పట్లు?”

వీడియో గేమ్ ఆడేవాళ్ళు ఈ ఆలస్యాన్ని సహించరని వాళ్ళకోసం తమరు గేమ్ మోడ్ పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. బొమ్మ తుపాకీ పట్టుకున్నవాడంటే అంత భయం, ఎడిటర్ అంటే ఇంత లోకువ! సినిమావాళ్ళ గోడు మాత్రం ఎవరో విన్నారు. 2019లో టీవీ కంపెనీలూ సినిమా స్టూడియోలూ కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ అనే సంఘం ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటించింది. అది నొక్కితే తమ సొంత తెలివి చాలావరకు పక్కన పెడతారట. ఏమీ చేయకుండా కూర్చోవడానికి కూడా ఒక మోడ్ కావలసిన ఉద్యోగం లోకంలో తమదొక్కటే.

సరే, ఆ మోడ్ తమ దగ్గర లేదు కాబట్టి ఒక్కొక్కటీ నేనే ఆపాను. వివిడ్ తీశాను, మోషన్ అల్లిక ఆపాను, రేంజ్ కలిపాను, గది వెలుగును బట్టి తనంతట తాను మసకబారే తెలివినీ నిద్రపుచ్చాను. మూడు సాయంత్రాల తప్పుడు మరమ్మతులన్నీ వెనక్కి తీసి మళ్ళీ చేశాను. అప్పుడు గుమ్మంలో పిల్లి కూర్చుంది, మీసాలతో సహా.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడ తమ సోదరుడు నాలుగడుగుల వెడల్పున గోడమీద వెలిగిపోతున్నారు. వీడియో పెట్టాం. చీర నీలం. పాప చెప్పు జెల్లీ. ‘మ్మమ్మకు ప్రేమతో’.

“అబ్బ, ఏం క్లారిటీరా!” అంది పెద్దమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గుమ్మంలో తేలుతున్న రెండు కళ్ళ వైపు చూస్తూ, రిమోట్ ఎవరి దగ్గరుందో వెతుక్కుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
లోపలి గది ఎడిటర్

తా.క.: ఇంటికొచ్చేసరికి, కార్టూన్ డల్‌గా ఉందని మా అబ్బాయి తమరిని మళ్ళీ వివిడ్‌లో పెట్టాడు. వాడికి సెట్టింగ్స్ దారి ఎవరు చూపించారని మా ఆవిడ అడిగితే నేను మాట్లాడలేదు.