చొక్కా ఎవరి కోసం?

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో భాగంగా అమెరికాలోని మన తెలుగు సంఘం శ్రీకాకుళంలో పెట్టిన సాంస్కృతిక సాయంత్రం ఫొటోలు గ్రూపుల్లో అందరూ చూసే ఉంటారు. తప్పెటగుళ్ల బృందం మొత్తం మన లోగో ఉన్న టీషర్టుల్లో! ముఖ్య అతిథులు వస్తున్నారు, ఒట్టి ఒంటితో అయితే బాగుండదని స్టేజీ చూసుకున్నవాళ్లు అప్పటికప్పుడు పంచిపెట్టారు. "సొక్కా మీద కడితే దరువు గుండెకి తెలీదు బాబూ" అని బృందం పెద్దాయన అన్నాడు. మనవాళ్లు నవ్వేసి ఊరుకున్నారు. గంగమ్మను తలుచుకుని, గుండె మీద రేకు గుల్ల వాయిస్తూ ఎగిరే ఆట అది.

ఈ 'బాగుండదు' నాకు మా తాత దగ్గర నుంచే తెలుసు. ఆయన రంగూన్ రేవులో మూటలు మోశాడు. అక్కడ తెల్లదొరల రికార్డుల్లో మన తెలుగు కూలీలంతా, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద, కోరంగీలే. 1942లో జపానువాళ్లు వస్తుంటే అడవుల్లో పడి నడిచొచ్చాడు. ఇంట్లో ఎప్పుడూ పంచె, భుజాన తువ్వాలు. కానీ ప్యాంటేసుకున్న మనిషి వీధి అరుగెక్కితే చాలు, రోహిణీ కార్తె ఎండలోనైనా గబగబా లోపలికెళ్లి చొక్కా తొడుక్కునేవాడు. వచ్చింది బిళ్లబంట్రోతైనా సరే. కాలేజీ సెలవులకి నేను దిగినప్పుడూ అంతే. "తాతా, నేనే" అన్నా బొత్తాలు పెట్టుకుంటూనే వచ్చేవాడు. సొంత అరుగు మీద ఎవరికో లెక్క చెప్పుకుంటున్నట్టు ఉండేది.

అన్నీ దొరల నెత్తిన రుద్దను. జమీందారు గుమ్మంలో తువ్వాలు దించి చంకలో పెట్టుకోవడం మన పెద్దల చలవే. జాతరల్లో సిడి పేరుతో వీపుకి కొక్కేలు గుచ్చి మనిషిని వేలాడదీయడం దొరల కాలంలో ఆగిపోయినందుకు నాకేం బెంగ లేదు. అయితే ఆ దొరల చూపులో ఒక తిరకాసుంది. వీరఘట్టంలో 1882లో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన గొలుసులు ఊపిరి బిగబట్టి తెంపితే 'ఇండియన్ హెర్క్యులస్' అని చప్పట్లు కొట్టారు. అదే ఛాతీ పొలంగట్టు మీద కనిపిస్తే అనాగరికం. ఆ చూపు 1947లో ఓడెక్కి పోలేదు. అమెరికాలో బీచికి వెళ్లినప్పుడు ఒంటి మీద చొక్కా ఉందో లేదో చూసుకోని మనం, శ్రీకాకుళంలో ఒక గొల్ల కళాకారుడి ఛాతీ చూసి టెన్షన్ పడుతున్నాం.

కమిటీవారికి నా మనవి. వచ్చే ఏడు కరపత్రంలో 'జానపద బృందం' అని సరిపెట్టకండి, వాళ్ల ఊరి పేరు, గురువు పేరు వేయండి. ఏం కట్టుకోవాలో, ఎంతసేపు ఆడాలో ఆ గురువునే అడగండి. అతిథులకి మరీ ఇబ్బందిగా ఉంటే వాళ్ల సోఫాలు నాలుగు వరుసలు వెనక్కి జరపండి.