"చుక్కలొద్దు, అన్నం పెట్టండి" అనే మెసేజ్‌కి జవాబు

ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పేద పిల్లలకి ఆరు నెలలకోసారి నోట్లో విటమిన్ ఎ చుక్కలు వేసే స్వచ్ఛంద సంస్థలన్నీ ఫోటోల కోసమే ఆ పని చేస్తున్నాయట. చూపు పోవడం పుట్టుకతో వచ్చేదట, ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం పెట్టాలి గానీ చుక్కలేంటట, అంత డోసు విషమట, పది లక్షల మంది పిల్లల మీద చేసిన స్టడీలో అదంతా దండగని తేలిందట. ఇది నమ్మి ఏ తల్లైనా చుక్కలు వేయించడం మానేస్తే నష్టం ఆ బిడ్డకే, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

పుట్టుకతో వచ్చే అంధత్వం ఉంది, కాదనను. కానీ ఈ చుక్కలు దానికోసం కాదు. మసక వెలుతురులో చూడాలంటే కంటికి విటమిన్ ఎ కావాలి, అది తగ్గితే ముందు రేచీకటి వస్తుంది. పొద్దుగూకగానే పిల్లవాడు ఆట మానేసి ఒక మూల కూర్చుండిపోతాడు, ఎదురుగా ఉన్న గిన్నె కోసం తడుముకుంటాడు. తర్వాత తెల్లగుడ్డు పొడిబారి దానిమీద నురగలాంటి మచ్చలు వస్తాయి, బిటాట్ మచ్చలంటారు వాటిని. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, మెత్తబడి కరిగిపోతుంది, తట్టు వచ్చిన పిల్లల్లోనైతే కొద్దిరోజుల్లోనే. కరగకముందు డోసు పడితే కన్ను నిలుస్తుంది, కరిగాక ఎన్ని చుక్కలు వేసినా ఆ చూపు రాదు. ఈ లోపం వల్ల ఏటా 2,50,000 నుంచి 5,00,000 మంది పిల్లలు చూపు కోల్పోతారని, వాళ్లలో సగంమంది ఏడాది తిరక్కుండానే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన అంచనా.

కళ్లు పోయినంత మాత్రాన ప్రాణం ఎందుకు పోతుంది? పేగుల లోపలి పొర, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దారుల్లోని పొర కూడా ఈ విటమిన్ మీదే ఆధారపడతాయి, అవి దెబ్బతింటే మామూలు విరేచనాలు కూడా బిడ్డని తీసుకుపోతాయి. ఇండోనేషియాలో పనిచేసిన కంటి డాక్టర్ ఆల్ఫ్రెడ్ సోమర్, రేచీకటి మాత్రమే ఉన్న పిల్లలు కూడా మిగతా పిల్లలకంటే చాలా ఎక్కువగా చనిపోతున్నారని 1983లో బయటపెట్టాడు. ఆ తర్వాత ఆ దేశంలోనే ఆచే ప్రాంతంలో 450 గ్రామాల్లో సగం గ్రామాలకి డోసు ఇచ్చి చూస్తే, 1 నుంచి 5 ఏళ్ల పిల్లల మరణాలు డోసు ఇవ్వని గ్రామాలకంటే 34 శాతం తక్కువగా ఉన్నాయి. 1986లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఇక అన్నం సంగతి. మెసేజ్‌లో వినగానే నిజమనిపించేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. తెల్ల బియ్యం, తెల్ల మొక్కజొన్న, కర్రపెండలం, ఇవి తిని కడుపు నిండుతుంది, వీటిలో విటమిన్ ఎ మాత్రం దాదాపు ఉండదు. అంటే రోజూ కడుపునిండా తినే బిడ్డకి కూడా కళ్లు పోవచ్చు. నేరుగా ఒంటికి పట్టే విటమిన్ ఎ ఉండేది లివర్, గుడ్డు పచ్చసొన, పాలలాంటి వాటిలో, ఇవి కొనలేని ఇళ్లే కదా మనం మాట్లాడుకునేవి. ఆకుకూరలు తినమంటారు, తినాల్సిందే, కానీ ఆకులో ఉండేది బీటా కెరోటిన్, అది 12 పాళ్లు తింటే ఒక పాలు విటమిన్‌గా మారుతుంది, అదీ తిండిలో కాస్త నూనో కొవ్వో ఉంటేనే. పైగా కడుపులో నులిపురుగులు, మాటిమాటికీ విరేచనాలు ఉంటే ఆ కొంచెమూ సరిగా ఒంటపట్టదు. రెండేళ్ల పిల్లవాడు ఎన్ని ఆకులు తినగలడు చెప్పండి?

అసలు చుక్కలా తిండా అన్న గొడవ ఈ పని చేసేవాళ్ల మధ్య లేదు. చూపూ వినికిడీ లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ చేయి వేయగా 1915లో మొదలైన సంస్థే డోసులూ పంచుతుంది, బంగ్లాదేశ్‌లో 1990 ప్రాంతం నుంచి పేద ఇళ్ల పెరట్లో కూరగాయలూ పెంచిస్తోంది. మొజాంబిక్, ఉగాండాల్లో తెల్ల చిలగడదుంప బదులు బీటా కెరోటిన్ ఎక్కువుండే నారింజరంగు దుంపని రైతులకి అలవాటు చేసినవాళ్లకి 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. పెరడు కాపుకి రావాలి, అలవాటు మారాలి, దానికి టైం పడుతుంది. ఈలోపు కార్నియా ఆగదు. చుక్కలు ఆ ఈలోపు కోసమే.

విషమా? ఈ విటమిన్ లివర్‌లో నిల్వ ఉంటుంది, అందుకే నెలల తరబడి సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క: 6 నుంచి 11 నెలల బిడ్డకి ఒకసారి 1,00,000 యూనిట్లు, 1 నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకి 4-6 నెలలకోసారి 2,00,000. కొందరికి వాంతి, తలనొప్పి, పసివాళ్లకి మాడు కాస్త ఉబ్బడం జరుగుతుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. గర్భిణులకి మాత్రం ఇంత డోసు ఇవ్వకూడదు, కడుపులో బిడ్డకి ప్రమాదం. సొంతంగా కొని ఇష్టమొచ్చినట్టు వేయడమూ తప్పే.

ఆ పది లక్షల స్టడీ నిజంగానే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో చేశారు, 2013లో వచ్చింది, మరణాలు 4 శాతమే తగ్గాయి, అది యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత చిన్న తేడా. దాన్ని ఎవరూ దాచలేదు. దాన్ని కూడా కలిపి, మొత్తం 12 లక్షల పైచిలుకు పిల్లల మీద జరిగిన 47 పరిశోధనల్ని తీసుకున్న 2022 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షలో మరణాలు 12 శాతం తగ్గినట్టు తేలింది. లోపం బాగా తగ్గిన చోట అందరికీ డోసు అక్కర్లేదు, అవసరమైనవాళ్లకే ఇస్తే చాలు అనే వాదన ఉంది, అది సబబైన వాదన, నేనూ ఒప్పుకుంటాను. ఎక్కడా ఎవరికీ వద్దు అనడం మాత్రం ఆ స్టడీ చెప్పని మాట.

సంస్థల మీద అనుమానం ఉంటే నిలదీయండి. ఏ పిల్లకి ఏ తేదీన డోసు ఇచ్చారో కార్డులో రాస్తున్నారా, ఆ పిల్లలకి తట్టు టీకా పడిందో లేదో చూస్తున్నారా, రేచీకటి ఉన్న బిడ్డ కనిపిస్తే వరుసగా రెండు రోజులు, మళ్లీ రెండు వారాలకి వైద్యం డోసు ఇస్తున్నారా, తల్లిపాల గురించి చెబుతున్నారా అని అడగండి. జవాబు చెప్పలేని సంస్థకి డబ్బు ఇవ్వకండి, చెప్పగలిగిన సంస్థ పనిని మాత్రం ఆ మెసేజ్ పంపి చెడగొట్టకండి.