ప్రెజర్ వాషర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రెజర్ వాషర్ గారికి,

కారు బురద కడిగే తమరు శిల్పులయ్యారని తెలిసి సంతోషించాం. ఇసుకను గొట్టంతో లాగి నీళ్లతో కలిపి చిమ్మే శాండ్‌బ్లాస్టింగ్ కిట్ తగిలించుకుని నల్ల గ్రానైట్ మీద పేర్లు చెక్కేస్తారట. ఉత్తరకుమారుడూ కోట దాటేదాకా వీరుడే!

తమరి నీళ్ల ఒత్తిడి 130 బార్. పక్కనున్న కంప్రెసర్‌ది పాపం ఆరో ఏడో. అయినా గ్రానైట్‌లో అక్షరం దిగేది దాని గాలికే. గాలిలో ఇసుక దూసుకుపోతుంది. తమరి నాజిల్లో నీళ్లు ఇసుకను చివర్లో అందుకుంటాయి, పైగా రాతి మీద పొరలా పరుచుకుని దెబ్బకు మెత్త వేస్తాయి. నీళ్లతో గ్రానైట్ కోసే వాటర్‌జెట్ తమరి బంధువే, కాదనం. ఆయన దాదాపు 4000 బార్ మనిషి, అదీ గార్నెట్ అనే గట్టి రాతి పొడి కలుపుకుని.

అసలు ఇసుకను లాగేది బార్లు కాదు, లీటర్లు. నిమిషానికి 6 లీటర్లు పోసే తమరు 15 లీటర్ల మిషన్‌కి చేసిన కిట్ పెట్టుకుంటే ఇసుక కదలదు, నీళ్లే చిమ్ముతాయి.

కడప బండ మెత్తన కాబట్టి దాన్ని గరుకు చేయగలరు, ఒప్పుకుంటాం. కానీ అక్షరాల ఆకారంలో కోసి రాతికి అంటించే రబ్బరు స్టెన్సిల్ అంచు కిందికి నీళ్లు దూరితే ‘శ్రీ’ లోపలి చిన్న తునక ఎగిరిపోతుంది, అక్షరం బొబ్బలా మిగులుతుంది. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి ఇంకా కింద పెట్టలేదు లెండి.

తమరి మర్యాదలూ తక్కువేం కాదు. ఇసుక ఎండాలి, దోమల మెష్‌లో జల్లించాలి. ముందు ట్రిగ్గర్ నొక్కి, నీళ్లు సాఫీగా వచ్చాకే గొట్టం ఇసుకలో గుచ్చాలి. ఆపేటప్పుడు గొట్టం ముందు తీసి, లోపలి ఇసుకంతా పోయాక ట్రిగ్గర్ వదలాలి. వరస తప్పిందా, నీళ్లు వెనక్కెక్కి గొట్టం వంపులో ఇసుక ముద్ద కడుతుంది. ఇక ఆ పూటంతా గొట్టం విప్పి, తట్టి, ఎండలో పెట్టడమే.

గేటు తుప్పు తీయడంలో మాత్రం తమరు ఘనులు. తుడిచి ఆరబెట్టి వెంటనే ప్రైమర్ కొట్టకపోతే టీ తాగొచ్చేలోగా ఎర్రపొర మళ్లీ వాలుతుంది, అది వేరే సంగతి. ఏటి ఇసుక మాత్రం అడగకండి. తడిలో దుమ్ము తగ్గినా, ఆరాక ఊడ్చేటప్పుడు లేచేది ఆ ఇసుకలోని క్వార్ట్జ్ పొడే, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేదీ అదే. గార్నెట్ తెప్పించుకోండి, మాస్కు ఎలాగూ తప్పదు.

ఇట్లు,
ఒక రాయి

తా.క.: తమరి నాజిల్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఇసుక లాగకపోవడానికి అదీ ఓ కారణం. ఈసారి త్వరగా అరగని కార్బైడ్‌ది వేయించుకోండి.