వేల ప్రాసెసర్లను కలిపి నడిపేదెవరు?

శక్తిమంతమైన క్రే సూపర్‌కంప్యూటర్‌ను మనకు అమ్మడానికి 1980లలో అమెరికా నిరాకరించింది. దాంతో అలాంటి యంత్రాన్ని సొంతంగా తయారుచేసుకోవడానికి 1988లో పుణెలో సీడ్యాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ పుట్టింది. అందులో విజయ్ భట్కర్ బృందం విడిగా దొరికే చిన్న ప్రాసెసర్లను, అంటే లెక్కలు చేసే చిప్‌లను వరుసగా కూర్చి, 1991 నాటికి పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్‌ను నిలబెట్టింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాల అనురాగ్ కూడా 'పేస్' అనే సూపర్‌కంప్యూటర్‌ను రూపొందించింది. పనిని ఇన్ని ప్రాసెసర్లకు ఎలా పంచాలన్న ప్రశ్నతోనే ఆ తరం కుస్తీ పట్టింది.

ఈ రోజు యంత్రాలకు లోటు తగ్గింది. 2015లో రూ.4,500 కోట్లతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ ఉంది. 2024లో మూడు పరమ్ రుద్రలు వచ్చాయి. సంతోషమే. అయితే యంత్రాల మీద పెట్టినంత శ్రద్ధ వాటిని కలిపి నడిపే పరిశోధన మీదా పెట్టాలని మేము గట్టిగా కోరుతున్నాం.

వరి కోతకు యాభై మంది దిగినా, కళ్ళానికి బండిబాట ఒక్కటే అయితే కట్టలన్నీ గట్టు మీదే ఆగుతాయి. కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పింది ఇదే. ఒక ప్రోగ్రాములో పంచడానికి వీలులేని పని నూటికి 5 వంతులున్నా, లక్ష ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. పైగా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికే బోలెడు సమయం పోతుంది. వాటిలో ఒక్కటి మధ్యలో మొరాయించినా గంటల లెక్క వృథా కాకుండా చూడాలి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపానును లెక్కించడానికి వాతావరణాన్ని గళ్లుగా కోస్తారు. ప్రతి గడికీ అడుగడుగునా పొరుగు గళ్ల సమాచారం కావాలి. 2025 మేలో మన దేశం వాతావరణ అంచనాల్లో 12 కిలోమీటర్ల గడి నుంచి 6 కిలోమీటర్లకు దిగింది. గళ్లు నాలుగింతలవుతాయి, కాలాన్ని ముక్కలుగా కోసి వేసే లెక్క అడుగులు రెట్టింపవుతాయి. లెక్క ఇంచుమించు ఎనిమిదింతలు. ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో దశాబ్దాల కిందట రాసిన ప్రోగ్రాములను, ఒకేసారి వేల లెక్కలు చేసే కొత్త జీపీయూ చిప్‌లకు తగ్గట్టు తిరగరాయకపోతే ఆ భారం మోయడం కష్టం. అది ఏళ్ల తరబడి, ఓపికగా చేయాల్సిన పని.

అందుకని కొత్త యంత్రానికి నిధులు మంజూరు చేసే ప్రతి ఉత్తర్వులోనే ప్రోగ్రాములు తిరగరాసే నిపుణులకు శాశ్వత ఉద్యోగాలు కేటాయించాలి. మారుమూల ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులకూ ఆ యంత్రాలపై వారానికి కొన్ని గంటలు రాసిపెట్టాలి.