రెక్కల్లో ఇంధనం చోటు కోసమే కాదు

రెక్కల్లో చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టే విమానంలో ఇంధనం అక్కడ నింపుతారని విమాన ఇంధనంపై వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సగం మాటే. ఎగిరేటప్పుడు గాలి రెక్కలను పైకి వంచుతుంది, లోపలి ఇంధనం బరువు ఆ వంపును తగ్గిస్తుంది. అందుకే సాధారణంగా మధ్య ట్యాంకును ముందు ఖాళీ చేసి, రెక్కల్లోది తర్వాత వాడతారు.

మన విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన నౌకాదళ విమానం టీయూ-142 రెక్క కింద నిలబడి చూడండి. మొదలు ఎక్కడ, కొస ఎంత వెనక! అలా వాలిన రెక్క కొసల్లో ఇంధనం ఉంటే గరిమనాభి (విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) వెనక్కి జరుగుతుంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ ధ్వని వేగాన్ని దాటేటప్పుడు రెక్కలపై లిఫ్ట్ (గాలి పైకి ఎత్తే బలం) కేంద్రం వెనక్కి పోయేది. దానికి సరిపడేలా ఇంధనాన్ని తోక వైపు ట్యాంకుకు పంపేవారు, వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకు తెచ్చేవారు. వ్యాసంలో దీని ఊసే లేదు!

ఫిషింగ్ హార్బర్‌లో మా చిన్నాన్న ఐసు పెట్టెలను పడవలో ఒకటికి రెండుసార్లు జరిపి సర్దేవారు. ముక్కు బరువెక్కితే అలలోకి దూసుకుపోతుందనేవారు. అయితే పడవలో పెట్టె పెట్టినచోటే ఉంటుంది, విమానంలో బరువు గంటగంటకూ తరిగిపోతుంది. చిక్కంతా అక్కడే.