పన్నెండు అని చెప్పి ఎనిమిది చూపించే దేశం

డిసెంబరులో ఎండాకాలం పెట్టుకున్న ఆస్ట్రేలియా దేశాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుగువాళ్ళు ఇప్పటికైనా తీరిగ్గా ఆలోచించాలి. ఎర్ర కోటు, తెల్ల గడ్డం వేసుకుని క్రిస్మస్ తాత 40 డిగ్రీల ఎండలో చెమటలు కక్కుతుంటే ఇక్కడ ఎవరికీ ఏ అనుమానమూ రాదు. క్రిస్మస్‌కి కొద్ది రోజుల ముందు బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జనవరి ఆఖర్లో. ఈలోగా పిల్లల్ని నాలుగు చోట్లకు తిప్పాలి. తిప్పని తల్లిదండ్రులకు శిక్ష వేసే చట్టమేమీ లేదు. కాకపోతే బడి తెరిచిన మొదటి వారంలో, సెలవుల్లో ఏం చేశారో పిల్లలు క్లాసు ముందు నిలబడి చెప్పాలి. అంతకంటే చట్టమే నయం.

మెల్‌బోర్న్‌లో కాపురముంటూ, విజిటర్ వీసా మీద అమ్మానాన్నల్ని రప్పించుకున్న కుటుంబాల తరఫున ఆస్ట్రేలియా ప్రకృతి మీద కొన్ని అభ్యంతరాలు నమోదు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. మనవాళ్ళు ఒక చోటుకి వెళ్ళారంటే వెళ్ళినట్టు రుజువుండాలి. గుంటూరులో బాబాయి, రాజమండ్రిలో పెద్దమ్మ, టెక్సాస్‌లో మేనత్త కొడుకు, అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆ రుజువు సాయంత్రానికల్లా దాఖలు కావాలి. చూడటం, ఆనందించడం వగైరాలు వీలుంటే చేసుకోవచ్చు. ఈ దేశం సరిగ్గా ఆ రుజువు దగ్గరే మనకి అన్యాయం చేస్తోంది.

ట్వెల్వ్ అపోసిల్స్, అంటే పన్నెండు మంది శిష్యులు అని పేరున్న సముద్రపు రాళ్ళ సంగతి తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, అందులో చనిపోయిన తోటివారి జ్ఞాపకార్థం 1919 నుంచి 1932 దాకా కొండ తొలిచి వేసిన గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా అక్కడికి వెళ్ళాలి. 243 కిలోమీటర్ల ఆ స్మారకంలో తిన్నగా ఉన్న ముక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఆ వంపులకి మా చిన్నది లోర్న్ దాటకముందే కవరు అడిగింది. మా నాన్న సబ్ ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ నాలుగు గంటలూ ఓర్చుకుని, వ్యూ పాయింట్ దగ్గర కంచె పట్టుకుని, సముద్రంలో నిలబడ్డ సున్నపురాయి స్తంభాల్ని ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టారు. మళ్ళీ కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టారు.

"ఏడున్నాయిరా" అన్నారు.

మా అబ్బాయి ఎనిమిది అన్నాడు. వాడి మాటే నిజం, ఒకటి చాటున ఉంటుంది. అయినా పన్నెండు ఎలా అవుతాయి? అసలు ఎప్పుడూ కాలేదు. లెక్కకి తొమ్మిదే ఉండేవి. 2005 జులైలో అందులోనూ ఒకటి కూలి రాళ్ళకుప్ప అయింది. పూర్వం ఈ రాళ్ళకి 'పందీ, పందిపిల్లలూ' అని పేరుండేదట. ఆ పేరుతో జనం రారని క్రీస్తు శిష్యుల పేరు తగిలించారు. శిష్యులు పన్నెండు మంది కాబట్టి రాళ్ళు కూడా పన్నెండు. స్టాకు తక్కువుండి రిజిస్టర్లో ఎక్కువ చూపిస్తే మన దగ్గర ఏమంటారో నాన్నకి ముప్పై ఏళ్ళ సర్వీసులో బాగా తెలుసు. సస్పెన్షన్ అంటారు. మూడో వంతు సరుకు లేదు కాబట్టి పెట్రోలు ఖర్చులో మూడో వంతు ఎవరో ఒకరు తిరిగి ఇవ్వాలన్నది ఆయన వాదన. నాకూ అది సబబుగానే తోచింది. అర్జీ ఎవరికి పెట్టాలో తెలియక ఆగాం.

పక్కనే ఉన్న లండన్ బ్రిడ్జి అనే రాయి మాత్రం నిజాయితీ గలది. ఒడ్డునీ రాతినీ కలిపే భాగం 1990 జనవరిలో, అంటే నిండు సెలవుల్లో, కూలిపోయింది. అవతలి వైపు చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. ఆ తర్వాత బ్రిడ్జి అన్న మాట మానేసి లండన్ ఆర్చ్ అంటున్నారు. ఉన్నదాన్ని బట్టి పేరు మార్చుకునే సంస్కారం ఒక రాయికి ఉంది, పక్క రాళ్ళకి లేదు.

ఇంతకన్నా దారుణం ఫిలిప్ ఐలండ్‌లో జరుగుతోంది. ప్రపంచంలోకెల్లా చిన్న పెంగ్విన్లు, జానెడున్నర ఎత్తు కూడా ఉండనివి, రోజూ పొద్దు గూకాక సముద్రంలోంచి గుంపులు గుంపులుగా బయటికొచ్చి ఇసుకలో నడుచుకుంటూ బొరియలకి పోతాయి. ఎండాకాలంలో పొద్దు గూకేసరికి రాత్రి ఎనిమిదీ ముప్పావు అవుతుంది. టికెట్లు కొనుక్కుని, మెట్ల మీద కూర్చుని, పులిహోర డబ్బా ఖాళీ చేసి ఎదురుచూశాం. జనవరి నెలే, పొద్దున మెల్‌బోర్న్‌లో ఏసీ వేసుకున్న రోజే, అయినా దక్షిణ సముద్రం మీంచి వచ్చే గాలికి పళ్ళు టకటకలాడాయి. అక్కడున్న వందల మందిలో స్థిమితంగా కూర్చున్నది మా నాన్న ఒక్కరే. డిసెంబరు అంటే డిసెంబరే అని విజయవాడ నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ ఆయన తల మీద ఉంది.

సరిగ్గా అప్పుడు మైకులో చెప్పారు, ఫొటోలు, వీడియోలు తీయకూడదు, ఫోన్లు లోపల పెట్టుకోండి అని. వెలుగు పడితే పెంగ్విన్లు బెదిరిపోతాయట. పెంగ్విన్ల భయం మాకు అర్థమైంది. మా భయం పెంగ్విన్లకి ఎవరు చెప్పాలి? ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసి, కళ్ళతో మాత్రమే చూసి పొమ్మంటే ఆ చూసినదాన్ని ఏం చేసుకోవాలి? మా అమ్మ నిజంగానే చుట్టూ చూసి, "ఎవరూ తీయట్లేదే, మరి వీళ్ళంతా ఎందుకొచ్చినట్టు?" అంది. పెంగ్విన్లు వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ మా కాళ్ళ ముందు నుంచే వెళ్ళాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఇదంతా జరిగిందనడానికి ఆధారం లేదు. చివరికి గిఫ్ట్ షాపులో దూది పెంగ్విన్ పక్కన అమ్మని నిలబెట్టి తీసిన ఫొటో గ్రూపులో పెట్టాం. "ఎంత బుద్ధిగా నిలబడిందో" అని పెద్దమ్మ మెచ్చుకుంది. అమ్మ గురించో పెంగ్విన్ గురించో అడగలేదు.

బీచ్‌ల గురించి పెద్దగా చెప్పను. ఎరుపు, పసుపు జెండాల మధ్యనే స్నానం చేయాలి, పక్కకి పోతే ఈల వేస్తారు. ప్రాణాలు కాపాడే పద్ధతి, అందులో తప్పు పట్టడానికేం లేదు. ఎండ విషయంలో మాత్రం ఒక అపూర్వమైన ఏకాభిప్రాయం కుదిరింది. చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని 1981 నుంచి ఈ దేశం ఒక సీగల్ బొమ్మ చేత పాట పాడించి మరీ చెబుతోంది. కారణం చర్మ క్యాన్సర్. మా అమ్మ అదే మాట అంతకు ముందు నుంచీ చెబుతోంది, పెళ్ళి సంబంధాల కారణంగా. ప్రభుత్వమూ అమ్మా ఒక్కటై అరిచినా పిల్లలు వినలేదు. వీడియో కాల్‌లో చూసి "అదేంటే, పిల్లలు ఇంత నల్లబడ్డారు?" అని బాబాయి అన్నాడు. మేం తిరిగామనడానికి చుట్టాల్లో ఎవరూ శంకించని రుజువు అదొక్కటే.

తర్వాత అడిలైడ్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఇంటికి బయల్దేరాం. దారిలో మిల్డ్యూరాలో అమ్మ ఒక పెట్టె మామిడిపళ్ళు కొనిపించింది. బంగినపల్లి కాదు గానీ తినొచ్చు అని తీర్పు చెప్పింది. రెన్‌మార్క్ రాకముందు యాంబా అనే చోట క్వారంటైన్ చెక్‌పోస్టు ఉందనీ, పండు ఈగ తోటల్లోకి రాకుండా సౌత్ ఆస్ట్రేలియా వాళ్ళు ఒక్క పండు కూడా దాటనివ్వరనీ, దాచిపెడితే జరిమానా అనీ దారిలో బోర్డులు మొదలయ్యాక తెలిసింది. పళ్ళు పారేయడానికి డబ్బాలు కూడా పెట్టారు. డబ్బిచ్చి కొన్న పండుని డబ్బాలో వేసే ఆచారం మా ఇంటావంటా లేదు. రోడ్డు పక్కన కారాపి, మండుటెండలో, ముఖం మీద ముసిరే ఈగలతో సహా పెట్టె మొత్తం తిన్నాం. మా ఆవిడ రెండింటితో ఆపేస్తానంటే అమ్మ చూసిన చూపుకి మూడోది అందుకుంది. చెక్‌పోస్టులో ఆఫీసరు పళ్ళున్నాయా అని మర్యాదగా అడిగితే నాన్న అంతకన్నా మర్యాదగా ఖాళీ పెట్టె చూపించారు. ఆయన మా అందరి మూతులూ ఒకసారి చూసి పంపేశాడు.

భోగి నాటికి తిరిగి ఇల్లు చేరాం. ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్, ఆరుబయట నిప్పు రాజేయకూడదు. ఈ ఒక్క నిబంధన మీద నాకే అభ్యంతరమూ లేదు. 2009 ఫిబ్రవరి 7న ఒక్క విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులకి 173 మంది పోయారు. ఆ మాట విన్నాక అమ్మ పిడకల దండ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏసీ వేసుకుని, పెద్ద టీవీలో భోగిమంట వీడియో పెట్టి, సోఫా పక్కకి జరిపి అందరం దాని చుట్టూ నిలబడ్డాం, వెనక గోడ ఉన్నంత మేరకు. రేగుపళ్ళు దొరకవు కాబట్టి చెర్రీలతో భోగిపళ్ళు పోశాం. నెత్తిన పడ్డవి పడ్డట్టే చిన్నది తినేసింది. ఆ ఫొటోలకి గ్రూపులో వచ్చినన్ని దండాలు సముద్రానికి రాలేదు. "మంట భలే లేచిందిరా, ఏం కట్టెలు వాడారు?" అని బాబాయి అడిగాడు. వేప అని నాన్న జవాబు పెట్టారు.

వచ్చే ఎండాకాలానికి విల్సన్స్ ప్రామ్ అనే నేషనల్ పార్కుకి పోదామని మా ఆవిడ అంటోంది. క్రిస్మస్ నుంచి జనవరి ఆఖరు దాకా అక్కడ గుడారం వేసుకోవాలంటే డబ్బు ఒక్కటే చాలదు. నెలల ముందే పేర్లు ఇవ్వాలి, డ్రా తీసి ఎవరికి చోటో చెబుతారు. నాన్నకి ఇది ఇట్టే అర్థమైంది. తిరుమలలో ఆర్జిత సేవలకి లక్కీ డిప్ ఎలాగో ఇదీ అలాగే అన్నమాట అని కళ్ళజోడు సవరించుకున్నారు. కాసేపు ఆలోచించి, "ఎందుకైనా మంచిది, ఇక్కడి ఎమ్మెల్యే లెటరు తీసుకుంటారేమో కనుక్కోరా" అన్నారు.